రూతు కింద రంగు పిల్లలు

తర్లుపాడు,
16-2-2025, ఆదివారం

పెద్దమ్మా,

వందనాలు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలంట. ఇక్కడ అందరం అంటే నేనొక్కణ్ణి, నీ మూడు పెట్టలు, ఒక పుంజు. అవి క్షేమం. నా సంగతి అడగొద్దు.

ఏంజెలక్క బిడ్డను చూసుకోడానికని నువ్వు హైదరాబాదు పోయి పన్నెండు రోజులైంది. పోతూ పోతూ గోడ మీద సుద్దముక్కతో రాసిపోయావు, ‘పొద్దున నీళ్ళు, సాయంత్రం గూడు’ అని. ఇరవై మూడేళ్ళ మగవాడికి అప్పగించిన ఉద్యోగం అది. ఎనిమిది నుంచి ఐదు దాకా మార్కాపురం రాళ్ళ ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ ముందు నిలబడి, ముక్కునిండా దుమ్ముతో ఇంటికి వస్తే ఇక్కడ ఇంకో డ్యూటీ.

నన్ను చూస్తే దొంగను చూసినట్టు పరుగెడతాయి. మార్త గోడెక్కింది. నయోమి పొయ్యి కింద దూరింది. రూతు వేపచెట్టు మీదికి పోయింది. నేను కింద నిలబడి “ఒసేయ్ రూతూ, దిగుతావా, కట్టె తీసుకోనా?” అని అరిచాను. వెనక పాస్టరు గారు. ఆయన భార్య పేరు ఏమిటో నీకు తెలుసు కదా. ఆయన సైకిల్ దిగి నడిచి పోయాడు. కోళ్ళకు బైబిల్లో పేర్లు పెట్టొద్దని నేను ఆనాడే చెప్పాను.

ఎదురింటి మల్లమ్మవ్వ అరుగు మీద కూర్చుని ఒకటే నవ్వు. “ఏందిరా నిత్యం, పెట్టతో కబడ్డీ ఆడుతుండావా? పాయింట్లు ఎవరికి వచ్చినాయి?” అంటుంది.

పది రోజుల్లో వచ్చి నీ కోళ్ళను నువ్వు చూసుకో. లేకపోతే కంభం సంతకు తీసుకుపోయి అమ్మేస్తా. ఉత్త మాట కాదు.

ఫోనులో ఎందుకు చెప్పలేదంటావా? నీకు వినిపించదు. మెసేజ్ పెడితే అక్క ఫోనుకు పెట్టాలి. ‘మా అమ్మ మీద పడి తింటున్నావు’ అన్న మనిషి ఫోనుకు నేను మెసేజ్ పెట్టను.

కోళ్ళ కాపలాదారు,
నిత్యానందం


హైదరాబాదు,
27-2-2025

ప్రభువు రెక్కల నీడన ఉన్న నిత్యానందానికి పెద్దమ్మ విజయమ్మ రాసేది.

ఉత్తరం కింద గేటు దగ్గర వాచ్‌మన్ ఇచ్చాడు. కవరు మీద నా పేరు ఎంత ఒత్తి రాశావో, కాగితానికి చిల్లు పడింది.

ముందు కోళ్ళ సంగతి. తరమొద్దు. తరిమితే దానికి నువ్వూ కుక్కా ఒకటే. పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కొని గూటి ముందు కూర్చో. ఊరికే కూర్చో. గుప్పెడు నూకలు గూటి లోపల చల్లి, రోజూ ఒకే పిలుపు పిలువు. నేను ‘బా బా బా’ అంటాను. నా గొంతు ఇప్పుడు ఎట్ల ఉంటుందో నాకే తెలియదు, వాటికి తెలుసు. నీ గొంతు అలవాటు కావడానికి వారం పడుతుంది. చీకటి పడితే కోడికి కళ్ళు కనిపించవు. పొద్దుండగానే గూడు చేరాలని నీకంటే దానికే ఆత్రం. అయినా పోలేదంటే లోపల ఏదో బాగాలేదని అర్థం. అడ్డకర్ర ఊగుతుందేమో చూడు. కోడికి నిద్రపోవడానికి కాళ్ళ కింద గట్టి కర్ర కావాలి. తలుపురాయి పెట్టాక నీ మూడు వేళ్ళు దూరే సందు ఉంటే ముంగిస కూడా దూరుతుంది, పలకముక్కలు పెట్టి మూసెయ్యి.

నీళ్ళమూకుడు రోజూ తోము. నీళ్ళు కాచే పొయ్యిలో బూడిద పారెయ్యొద్దు, గోడపక్క గుంటలో పొయ్యి. అందులో పొర్లాడితే పేలు రాలిపోతాయి. వాటికి అది స్నానం, పండగ.

ఇక్కడ ఐదో అంతస్తు. పావురాలు రాకుండా బాల్కనీకి వల కట్టారు. వంట ఏంజెల్ అత్తగారు చేస్తుంది. నేను బట్టలు మడత పెడతాను. మడతపెట్టినవి విప్పి మళ్ళీ పెడతాను. పాప బాగుంది, నా వేలు పట్టుకుంటే వదలదు.

సంతలో అమ్ముతానంటే నీ ఇష్టం. కాళ్ళు కట్టి తలకిందులుగా మాత్రం పట్టుకుపోవద్దు. గంపలో పెట్టి తీసుకుపో. పాపకు మూడో నెల నిండాక వస్తాను.

వేళకు తిను.

నీ పెద్దమ్మ


తర్లుపాడు,
23-3-2025, ఆదివారం

పెద్దమ్మా,

ఎవరినీ అమ్మలేదు. ‘నీ ఇష్టం’ అని అంత సులువుగా ఎట్ల రాశావు? నేను అన్నాననుకో, నువ్వు వద్దనాలి కదా!

అడ్డకర్ర నిజంగానే ఊగుతోంది. మేకు కొట్టాను. నువ్వు చెప్పినట్టే గూటి ముందు కూర్చున్నాను. మొదటి రోజు ఒక్కటీ రాలేదు. పిచ్చివాడిలా కూర్చుని ‘బా బా’ అంటుంటే నాకే సిగ్గేసింది. ఆరో రోజు మార్త వచ్చి నా చెప్పు పొడిచి చూసింది. తొమ్మిదో రోజు అన్నీ లోపలికి పోయాయి. నీలాగే సాగదీసి పిలిచాను, వేరే ఎట్ల పిలవాలో నాకు రాదు. మల్లమ్మవ్వ చేతిలో చాటతో ఉరికొచ్చింది. “విజయమ్మ వచ్చిందనుకొని వచ్చినా గదరా! నువ్వా?” అని చాట కింద పెట్టి కాసేపు నిలబడింది. నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను.

ఫ్యాక్టరీలో చెవుల్లో పెట్టుకోడానికి దూది అడిగితే సూపర్‌వైజర్ ప్రవీణ్ కుమార్ నవ్వాడు. “మీ పెద్దమ్మ పద్దెనిమిదేండ్లు ఇదే మిషన్ల కాడ చేసినాది, ఒక్కనాడన్నా దూది అడిగినాదా?” అన్నాడు. అడగలేదు కాబట్టే ఆమె చెవులు పోయాయి అన్నాను. రెండు రోజులు పనిలోకి రానివ్వలేదు.

ఇంకో సంగతి. మల్లమ్మవ్వ కోడి ఒకటి మెడ మెలితిప్పుకొని ఆకాశం చూస్తోంది. పచ్చగా పారుకుంటోంది. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. దానికి ఏం చెయ్యాలి? ఊరికే అడుగుతున్నా. మనవి బాగున్నాయి. నయోమి అందరికంటే బాగుంది.

త్వరగా రాయి.

నిత్యానందం


హైదరాబాదు,
2-4-2025

నా నిత్యానందానికి,

మల్లమ్మ కోళ్ళు పెంచదు నాయనా. కోడి ఈక పడితేనే ఆమెకు తుమ్ములు. నువ్వు మరిచిపోయావు.

అది కొక్కెర తెగులు. వచ్చినదానికి మందు లేదు. ఈ ఉత్తరం చేరేసరికి నయోమి ఉండదు. ఏడేళ్ళది, నీ తప్పు కాదు. లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చు. వాగులో పారెయ్యొద్దు, ఊళ్ళో కోళ్ళన్నీ పోతాయి. దాని మూకుడు కాల్చెయ్యి. మిగతావాటిని ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుగు. పశువుల ఆసుపత్రిలో కంటిచుక్కల టీకా ఇస్తారు. నలతగా ఉన్నదానికి వెయ్యొద్దు, బాగున్నవాటికి వెయ్యి. ఎండెక్కకముందే వెయ్యాలి. మందు చల్లగా ఉండాలి, దారిలో వేడెక్కితే అది ఉత్త నీళ్ళే.

ఒక్కదానికే తెగులొచ్చి ఆగిందంటే నువ్వు గూడు బాగా కడిగావన్నమాట. నాకు చెప్పకుండా దాచి ఒక్కడివే తిరిగి ఉంటావు. అది తలచుకుంటే నాకు అన్నం దిగలేదు.

నేను ఈ నెలలో రాలేను. ఏంజెల్‌కు ఏవో ఆసుపత్రి పనులు ఉన్నాయి. జూన్ అంటున్నారు.

కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా రాయి.

పెద్దమ్మ


తర్లుపాడు,
27-4-2025, ఆదివారం

పెద్దమ్మా,

నయోమిని చింతచెట్టు అవతల పూడ్చాను. చెప్పనందుకు తప్పు నాదే, ఇక దాని గురించి ఎత్తొద్దు.

టీకా కథ విను. ఆసుపత్రిలో మనిషి అడిగాడు, “ఎన్ని కోళ్ళు?” మూడు అన్నాను. “సీసా వంద కోళ్ళకు వస్తాది. మూత తీస్తే రెండు గంటల్లో అయిపోవాల. మిగతా తొంభై ఏడు కోళ్ళను యాడ దెస్తావు?” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తెస్తా చూడు అని, టీ ఫ్లాస్కులో ఐసుముక్కలు పోసి సీసా తెచ్చాను. పారబోయడానికి మనసు రాలేదు. మన పల్లె అయిపోయింది, ఇంకా సగం ఉంది. ఊళ్ళోకి పోయాను. మనల్ని వాకిలి దాటి రానివ్వని వాళ్ళు కోడి కోసం గేటు తీశారు. కోడి విలువ అది.

కాటమరాజు మామ గేటుకు అడ్డం నిలబడ్డాడు. “ఏరా, మా పుంజు కంట్లో ఏం పోస్తుండావు? గుడ్డిదైతే?”

“గుడ్డిదైతే నా కన్ను పీక్కో మామా. తొందరగా పట్టుకో, ఐసు కరుగుతోంది.”

“నోరు జూడు వీనికి!” అన్నాడు గానీ పట్టుకున్నాడు. డెబ్బై రెండు కోళ్ళు లెక్కపెట్టాను. ఇప్పుడు బజారులో పోతుంటే ‘కోళ్ళ డాక్టరు’ అంటున్నారు. ఎగతాళికే, అయినా పిలుస్తున్నారు.

ఎండలు చంపుతున్నాయి. గూటి మీద తడిగోనె కప్పుతున్నాను, నీళ్ళు రెండుపూటలా మారుస్తున్నాను. రెండు వారాల కిందట రూతు పొదుగుకు కూర్చుంది. గంపలోంచి లేవదు, తినదు, చెయ్యి పెడితే పొడుస్తుంది. గుడ్లు అంతకుముందే నేను అట్లు పోసుకుని తినేశాను. పాపం ఖాళీ గడ్డి మీద కూర్చుంది. చూడలేక అంగట్లో పదకొండు గుడ్లు కొని దాని కింద పెట్టాను. తెల్లగా, ఒకే సైజువి, మంచివి ఏరి తెచ్చాను. ఎంత సంతోషంగా సర్దుకుందో! గోడ మీద గీతలు గీస్తున్నాను. మే ఆరుకు ఇరవై ఒకటి అవుతుంది.

పిల్లలు లేచేటప్పుడు నీలాంటి తెలిసిన మనిషి ఉండాలి. వాటికోసం చెబుతున్నా. నాకేం లేదు.

నిత్యానందం


హైదరాబాదు,
7-5-2025

నాయనా నిత్యం,

నీ ఉత్తరం చదివి నవ్వాను. ఎంత నవ్వానంటే ఏంజెల్ పరిగెత్తుకొచ్చింది, నాకేదో అయిందని. ఈ ఇంట్లో నేను నవ్వడం అదే మొదలు.

అంగడి గుడ్లు పొదగవు నాయనా. ఆ ఫారాల్లో పెట్టలే ఉంటాయి, పుంజు ఉండదు. ఏడాది కూర్చున్నా అవి గుడ్లే. ఈపాటికి మురిగి ఉంటాయి, పగలకుండా తీసెయ్యి. కానీ రూతు ఇన్నాళ్ళు కూర్చుంది, ఉత్తచేతులతో లేపితే ఇల్లంతా తిరిగి ఏడుస్తుంది. పుట్టి ఒకరోజైన కోడిపిల్లలు ఎక్కడైనా దొరికితే తే. సందెచీకటిలో ఒక్కొక్కటే దాని కింద పెట్టి, ఒక్కొక్క గుడ్డే తీసుకో. తెల్లారేసరికి తనవే అనుకుంటుంది. నీళ్ళు లోతులేని మూతలో పెట్టి అందులో గులకరాళ్ళు వెయ్యి, పిల్లలు మునగవు. పాతకుండలో పేడా చొప్పా వేసి బోర్లించు, రెండు రోజులకు చెదలు పడతాయి. అంతకు మించిన మేత లేదు.

ఇక నా సంగతి. నీ ఉత్తరాలన్నీ ఏంజెల్ చదివింది. నేనే ఇచ్చాను. ‘వాడికి నువ్వు కోళ్ళ కోసమే కావాలమ్మా, మొదటి ఉత్తరంలోనే రాశాడు కదా’ అంది. నేనూ ఆలోచించాను. నువ్వు వయసులో ఉన్నావు. రోజూ ఆ రైలు, ఆ పరుగు, ఈ కోళ్ళ చాకిరీ నీకెందుకు? వాటిని ఎవరికైనా మంచివాళ్ళకు ఇచ్చెయ్యి. మార్కాపురంలో ఫ్యాక్టరీ పక్కనే గది చూసుకో. నీకు బరువు దిగుతుంది. నేను ఇక్కడే ఉండిపోతాను.

ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

పెద్దమ్మ


తర్లుపాడు,
18-5-2025, ఆదివారం

పెద్దమ్మా,

బరువు అని నేను ఎప్పుడు అన్నాను? చూపించు. ఏ ఉత్తరంలో? అమ్మేస్తా అన్నాను, కట్టె తీసుకోనా అన్నాను, ఒళ్ళు మండింది అన్నాను. నేను మాట్లాడేదే అట్ల. నాకు నాలుగేళ్ళప్పుడు మా అమ్మ పోతే నువ్వు ఎత్తుకొచ్చి పెంచావు. పంతొమ్మిదేళ్ళు నా మాటలు పెదవుల మీద చదివినదానివి, కాగితం మీద చదవలేకపోయావా?

మురిగిన గుడ్లు తీశాను. ఒకటి నా చేతిలో పగిలింది. రెండు రోజులు నా దగ్గర ఎవరూ నిలబడలేదు, అదొక్కటే లాభం. ఒకరోజు వయసు పిల్లలు ఎక్కడా దొరకలేదు. మార్కాపురం బస్టాండు దగ్గర ఒకడు అట్టపెట్టెలో రంగు పిల్లలు అమ్ముతున్నాడు, చిన్నపిల్లలు ఆడుకోడానికి కొంటారే, అవి. గులాబీ, పచ్చ, నీలం. ఎవడు అద్దాడో రంగు, వాడి నెత్తిన రంగునీళ్ళు పొయ్యాలి. ఎనిమిది తెచ్చాను. రైల్లో ఒకాయన “పండగేమన్నా ఉందా అబ్బయా?” అన్నాడు.

సందెచీకటిలో పెట్టాను. తెల్లారి చూస్తే రూతు రెక్క కింద నుంచి గులాబీ తల ఒకటి బయటికి వచ్చింది. రూతు దాన్ని చూసింది. ఒక్క పొడుపు పొడిస్తే అయిపోతుంది. ముక్కుతో మెల్లగా లోపలికి తోసుకుంది. పచ్చదాన్ని కూడా. నీలందాన్ని కూడా. రంగు అడగలేదు. రెండు చనిపోయాయి, ఆరు బతికాయి. మల్లమ్మవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వచ్చి చూసి, “ఇదేం కాపురమే తల్లీ!” అని పడీ పడీ నవ్వింది. గద్ద భయానికి గంప బోర్లిస్తున్నాను. చెదలకుండ కూడా పెట్టాను. అన్నీ నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. ఎందుకు చేస్తున్నాననుకున్నావు?

సాయంత్రం గేటు తీసి ‘పెద్దమ్మా’ అని ఇప్పటికీ అరుస్తాను. నువ్వు ఉన్నప్పుడూ నీకు వినిపించేది కాదు. అయినా అరిచేవాణ్ణి. ఇప్పుడు మల్లమ్మవ్వ వింటుందని మెల్లగా అరుస్తున్నాను. పనిలేని రోజుల్లో మనిషి మాట వినాలంటే సంత దాకా పోవాలి. కోళ్ళకు నా గొంతు బాగా అలవాటైంది, వాటితో తప్ప వాడడం లేదు కదా.

అక్కకు చెప్పు, గెలిచావని. నీ తల్లిని నువ్వు తీసుకున్నావు, న్యాయమే. నాకు ఇంకొకరు లేరు, అది అక్క తప్పు కాదు.

కోళ్ళను ఎవరికీ ఇవ్వను. ఇక ఉత్తరం రాయను.

నిత్యానందం


హైదరాబాదు,
1-6-2025

నా కొడుకు నిత్యానందానికి,

నువ్వు రాయకపోయినా నేను రాస్తాను. నిజం రాస్తాను. రాయొద్దని ఏంజెల్ ఒట్టు పెట్టించుకుంది. ఆ ఒట్టు ప్రభువు చూసుకుంటాడు.

పాపకు చెవులు వినిపించవు.

మూడో నెలలో తెలిసింది. అప్పటి నుంచి ఆసుపత్రులే. నా చెవులు మిషన్ తినేసింది, ఈ బిడ్డకు పుట్టుకతోనే లేవు. ఏడాది నిండాక ఆపరేషన్ చేసి చెవిలో వినిపించే మిషన్ పెడతారట. అది పట్టినా, మాట రావడానికి ఏళ్ళు పడుతుందట. ఏంజెల్ పాపను ఒళ్ళో పెట్టుకొని రోజంతా గిలక ఆడిస్తుంది, ఇటు ఆడించి, అటు ఆడించి. అల్లుడు ఎవరితోనూ మాట్లాడడు. అత్తగారు మన వంశం వైపు నుంచి వచ్చిందంటుంది, పెదవుల మీద చదివాను. ఊరికి తెలిస్తే పిల్లకు పేరు పడుతుందని ఏంజెల్ భయం. అందుకే నీకు కూడా చెప్పనివ్వలేదు. నిన్ను అడ్డం పెట్టుకొని ఉండిపోతానని రాశాను. అది నేను చేసిన తప్పు. నీ మీద పెట్టి రాయకుండా ఉండాల్సింది.

ఈ ఇంట్లో చెవులు లేకుండా బతకడం తెలిసింది నాకొక్కదానికే. ఏంజెల్ నా కాళ్ళ దగ్గర కూర్చుని ‘నువ్వు పోతే దీనికి ఎవరు నేర్పుతారమ్మా’ అని ఏడ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళలో అది నన్ను ఏదైనా అడగడం ఇదే మొదటిసారి.

కానీ నీ ఉత్తరం దిండు కింద ఉంది. గేటు దగ్గర అరుస్తావని నాకు తెలుసు నాయనా. గేటు తోస్తే గడప అదిరేది. కాళ్ళతో వినేదాన్ని.

నువ్వు రమ్మంటే నీ ఉత్తరం అందిన రోజే బస్సెక్కుతాను. ఒక్క మాట రాయి. నీకూ నేను తల్లినే.

పెద్దమ్మ


తర్లుపాడు,
8-6-2025, ఆదివారం

పెద్దమ్మా,

ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. మిషన్ ముందు చదివాను. గూటి ముందు చదివాను. రమ్మని రాశాను, రెండుసార్లు రాశాను. చించేశాను.

కింద రాసేది అక్కకు ఇవ్వు. నాకు తెలిసిన పని ఇదొక్కటే. చెవులు లేని తల్లి దగ్గర పెరిగినవాడికి తెలిసేది డాక్టర్లకు తెలియదు.

అక్కా, పాపను వెనక నుంచి వచ్చి ఎత్తుకోవద్దు. బెదిరిపోతుంది. ముందు మంచం పట్టె మీద తట్టు, అది తిరిగి చూశాక ఎత్తుకో. కిటికీకి వీపు పెట్టి మాట్లాడొద్దు, నీ ముఖం దానికి నల్లగా కనిపిస్తుంది. వెలుతురు నీ ముఖం మీద పడేటట్టు కూర్చో. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవద్దు. గిలక పారెయ్యి. దాని చెయ్యి నీ గొంతు మీద పెట్టి పాట పాడు. పెద్దమ్మ నా గొంతు అట్లనే పట్టుకుని నాకు పద్యాలు వచ్చాయో లేదో చూసేది. పెద్దదయ్యాక నలుగురూ నవ్వుతుంటే ‘ఏమిటది?’ అని అడుగుతుంది. ‘ఏం లేదులే’ అనొద్దు. ఎంత పొద్దుపోయినా మొత్తం చెప్పు. ‘ఏం లేదులే’ అన్నప్పుడల్లా పెద్దమ్మ ముఖం ఎట్ల అయ్యేదో నేను చూశాను, నువ్వూ చూసి ఉంటావు. పేరు పడుతుందని దాచొద్దు. దాస్తే అది తనలో ఏదో దాచాల్సింది ఉందనుకుంటుంది.

నువ్వు ఫోన్ చేస్తే ఎత్తుతాను. నేనుగా చెయ్యను.

పెద్దమ్మా, ఇంకొకటి ఉంది. అది అక్కకు రాయడానికి సిగ్గు. కోపం వచ్చినప్పుడు ముఖం తిప్పుకుని మాట్లాడొద్దని చెప్పు. నేను అదే చేసేవాణ్ణి. నీకు తెలియకూడని మాట ఉంటే గోడ వైపు తిరిగి అనేవాణ్ణి. నువ్వు నా వీపు చూస్తూ నిలబడేదానివి. అంతకంటే కొట్టడం మేలు.

నువ్వు పోయిన రోజు తర్లుపాడు బస్టాపులో కూడా అట్లనే తిరిగాను. భుజాలు కదలడం చూసి తిడుతున్నాననుకుని ఉంటావు. ‘పోవద్దు’ అన్నాను. బస్సు కదిలే దాకా అదే అన్నాను. మూసేసిన అంగడి షట్టరుకు చెప్పాను.

ఇప్పుడు నీ ఎదురుగా నిలబడి, నోరు బాగా తెరిచి, నిదానంగా చెబుతున్నాననుకో.

ఉండు. పాప దగ్గర ఉండు.

నిత్యం